జూనియర్ జావెలిన్: బెంగళూరు పాఠకుల ప్రశ్నలకు జవాబులు

2025 జులై 5న బెంగళూరు శ్రీకంఠీరవ స్టేడియంలో నీరజ్ చోప్రా క్లాసిక్ జరిగినప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో జావెలిన్ గురించినవే ఎక్కువగా ఉంటున్నాయి. వాటిలో చాలా భాగం ప్రపంచ జూనియర్ పోటీల గురించి, ఆ స్థాయికి చేరాలనుకునే పిల్లల గురించి అడిగినవి కావడంతో ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాం. పాఠకుల కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నీరజ్ చోప్రా జూనియర్‌గా ఉన్నప్పుడే 86.48 మీటర్లు విసిరాడని చదివాం. కంఠీరవలో మేమంతా కళ్లారా చూసిన రోజున ఆయన 86.18 మీటర్లతో గెలిచారు. అంటే పద్దెనిమిదేళ్లకు విసిరినంత దూరం కూడా ఇరవై ఏడేళ్లకు విసరలేదనే కదా? జూనియర్ రికార్డులకు, పతకాలకు అసలు ఎంత విలువ ఇవ్వాలో వివరించగలరు.
(ఒక పాఠకుడు, మారతహళ్లి)

జవాబు: మీరు చెప్పిన రెండు అంకెలూ సరైనవే. వాటి మధ్య ఉన్న ముప్పై సెంటీమీటర్ల తేడాకు మీరు తీసిన అర్థంతో మాత్రం నేను ఏకీభవించలేను. ముందుగా 86.48 ఎలా వచ్చిందో చూద్దాం. 2016 జులై 23న పోలండ్‌లోని బిడ్గోష్ నగరంలో జరిగిన ప్రపంచ అండర్-20 (జూనియర్) చాంపియన్‌షిప్ ఫైనల్లో నీరజ్ మొదటి ప్రయత్నంలో 79.66 మీటర్లు, రెండో ప్రయత్నంలో 86.48 మీటర్లు విసిరాడు. అప్పటి వరకూ జూనియర్ ప్రపంచ రికార్డు లాత్వియా త్రోయర్ జిగిస్మండ్స్ సిర్మైస్ 2011లో నెలకొల్పిన 84.69 మీటర్లు. రజతం గెలిచిన దక్షిణాఫ్రికా కుర్రవాడు యోహాన్ గ్రోబ్లర్ 80.59 మీటర్ల దగ్గర ఆగిపోయాడు, అంటే మొదటి రెండు స్థానాల మధ్యే దాదాపు ఆరు మీటర్ల ఎడం ఉంది. ప్రపంచ జూనియర్ అథ్లెటిక్స్‌లో భారతదేశానికి అదే తొలి స్వర్ణం.

ఈ అంకెను జూనియర్ల అంకె కదా అని తీసిపారేయడానికి వీలు లేదు, అందుకు కారణం జావెలిన్‌లోనే ఉంది. జూనియర్ పురుషులు విసిరే షాట్‌పుట్ గుండు, డిస్కస్, హ్యామర్ మూడూ సీనియర్లు విసిరే వాటి కంటే తేలికగా ఉంటాయి. గుండునే తీసుకుంటే సీనియర్లది 7.26 కిలోలు, జూనియర్లది 6 కిలోలు. ఒక్క జావెలిన్‌లో మాత్రం అండర్-20 కుర్రవాడు కూడా ఒలింపిక్ విజేత విసిరే 800 గ్రాముల ఈటెనే విసరాలి. అందువల్ల అతని దూరాన్ని నేరుగా పెద్దల పట్టికలో పెట్టి చూడవచ్చు. అలా చూస్తే, బిడ్గోష్ పోటీ ముగిసిన కొద్ది వారాలకు జరిగిన రియో ఒలింపిక్స్‌లో కాంస్యం 85.38 మీటర్లకు దక్కింది. నీరజ్ ఆ పోటీలో లేడు. రియో అర్హత ప్రమాణం 83 మీటర్లు కాగా, అదే ఏడాది ఫిబ్రవరిలో గువాహటి దక్షిణాసియా క్రీడల్లో అతడు విసిరింది 82.23, అర్హత గడువేమో జులై 11నే ముగిసిపోయింది. పన్నెండు రోజుల తేడాతో చేజారిన ఆ అవకాశం గురించి ఇప్పుడు రాస్తున్నా మనసు చివుక్కుమంటుంది.

ఇక మీ అసలు ప్రశ్న. ఒక పోటీలో వచ్చిన దూరం ఆ రోజు గాలి, రన్-అప్ కుదిరిన తీరు, ఎదుటివారి ఒత్తిడి వంటివన్నీ కలిసి ఇచ్చిన ఫలితం, ఆటగాడి మొత్తం శక్తికి అది కొలమానం కాదు. కంఠీరవలో నీరజ్ మొదటి త్రో ఫౌల్ అయింది, రెండోది 83 మీటర్ల లోపే పడింది, మూడో ప్రయత్నంలో వచ్చిన 86.18 మీటర్లతో 84.51 విసిరిన కెన్యా ఆటగాడు జూలియస్ యెగోను దాటి గెలిచాడు. అంతకు ఏడు వారాల ముందే, మే 16న దోహాలో ఇదే నీరజ్ 90.23 మీటర్లు విసిరి ఉన్నాడు. జూనియర్ రికార్డు నుంచి అక్కడికి పెరిగింది 3.75 మీటర్లు, అందుకు పట్టిన కాలం దాదాపు తొమ్మిదేళ్లు. మధ్యలో 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం తెచ్చిపెట్టిన త్రో 86.47 మీటర్లు, అంటే తన జూనియర్ రికార్డుకు సరిగ్గా ఒక్క సెంటీమీటరు తక్కువ. ఆ స్థాయికి చేరిన తరువాత ప్రతి అడుగూ ఎంత ఖరీదైనదో ఈ ఒక్క సెంటీమీటరే చెబుతుంది.

జూనియర్ పతకం భవిష్యత్తుకు హామీ కాదు, అలాగని జూనియర్ ఓటమి తీర్పూ కాదు అన్నది నా దృఢమైన అభిప్రాయం. 2013లో దోనెత్స్క్‌లో జరిగిన ప్రపంచ యూత్ చాంపియన్‌షిప్‌లో నీరజ్ ఫైనల్‌కు కూడా చేరలేదు. బిడ్గోష్‌లో 79.65 మీటర్లతో కాంస్యం అందుకున్న గ్రెనడా కుర్రవాడు ఆండర్సన్ పీటర్స్ ఆ తరువాత 2019లోనూ, 2022లోనూ సీనియర్ ప్రపంచ విజేత అయ్యాడు, రెండోసారి నీరజ్‌నే వెనక్కి నెట్టి. ట్రినిడాడ్‌కు చెందిన కెషార్న్ వాల్కాట్ కథ మరీ విశేషమైనది. 2012 జులైలో బార్సిలోనాలో 78.64 మీటర్లతో జూనియర్ ప్రపంచ స్వర్ణం గెలిచిన వాల్కాట్, నెల తిరిగేసరికి లండన్ ఒలింపిక్స్‌లో 84.58 విసిరి పంతొమ్మిదేళ్లకే ఒలింపిక్ విజేతగా నిలిచాడు. అంత తొందరగా శిఖరం ఎక్కిన వాల్కాట్‌కు సీనియర్ ప్రపంచ టైటిల్ మాత్రం 2025 సెప్టెంబరులో టోక్యోలో గానీ దక్కలేదు. అంటే పదమూడేళ్ల నిరీక్షణ. ఆ రోజు రెండో స్థానంలో నిలిచింది పీటర్సే, నీరజ్‌ది ఎనిమిదో స్థానం. నీరజ్ త్రోలతో పాటు వాల్కాట్ పదమూడేళ్ల ఫలితాలను కూడా వరుసగా చూడండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. స్కూల్లో జావెలిన్ మొదలుపెట్టి ఏడాది దాటింది. ప్రపంచ జూనియర్ పోటీల్లో 800 గ్రాముల ఈటె ఉంటుంది కాబట్టి ఇప్పటి నుంచే దానికి అలవాటు పడాలని కోచ్ గారు రోజూ దానితోనే విసిరిస్తున్నారు. కొన్ని వారాలుగా మోచేతి లోపలి వైపు నొప్పి అంటున్నాడు. అడిగితే కండరాలు గట్టిపడుతున్నాయని, అదే పోతుందని అంటున్నారు. ఇంతలో దుకాణంవారు 80 మీటర్ల ఈటె కొనమంటున్నారు. ఏం చేయాలో తెలియడం లేదు.
(ఒక తల్లి, ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: అమ్మా, ముందు విసరడం ఆపించి, ఎముకల వైద్యులకు, వీలైతే క్రీడాగాయాలు చూసే వైద్యులకు, మోచేయి చూపించండి. ఈ వారం పోటీ ఏదైనా ఉన్నా సరే, దాన్ని వదిలేయండి. పదిహేనేళ్ల వయసులో మోచేతి ఎముకల చివర్లు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. ఈటె చేతిని విడిచే ముందు క్షణంలో మోచేతి లోపలి వైపు సాగదీసే ఒత్తిడి విపరీతంగా ఉంటుంది. పెద్దవారిలో అది అక్కడి లిగమెంటుపై పడితే, పెరిగే పిల్లల్లో ఇంకా గట్టిపడని ఎముక భాగంపైనే పడుతుంది. కండరం నొప్పి అయితే ఒకటి రెండు రోజుల విశ్రాంతితో తగ్గుముఖం పట్టాలి. వారాల తరబడి ఒకే చోట, అందులోనూ లోపలి వైపు, నొప్పి ఉంటోందంటే దాన్ని గట్టిపడటం అని సరిపెట్టుకోకూడదు. పూర్తిగా ఎదిగిన శరీరం ఉన్న నీరజ్‌కే 2019 మేలో కుడి మోచేతికి శస్త్రచికిత్స జరిగి, ఆ సీజన్ అంతా పోయింది. తిరిగి 2020 జనవరిలో దక్షిణాఫ్రికాలో 87.86 మీటర్లు విసిరి టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత సంపాదించే దాకా ఆయన ఎంత ఓపిక పట్టి ఉంటారో ఊహించుకోండి.

ఈటె బరువు విషయంలో కోచ్ గారి వాదన వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ నియమాలు రాసినవారు ఆ దారిలో వెళ్లలేదు. అండర్-18 అబ్బాయిలకు అంతర్జాతీయ పోటీల్లోనే 700 గ్రాముల ఈటె ఇస్తారు. తేడా వంద గ్రాములే కదా అనిపిస్తుంది గానీ పొడవు కూడా మారుతుంది: 700 గ్రాములది 2.30 నుంచి 2.40 మీటర్లు, 800 గ్రాములది 2.60 నుంచి 2.70 మీటర్లు. బరువు, పొడవు రెండూ పెరిగిన ఈటెను ఇంకా బలం చాలని భుజం మోయలేనప్పుడు, కుర్రవాడు తనకు తెలియకుండానే మోచేతిని భుజం కంటే కిందికి జార్చి పక్క నుంచి విసరడం మొదలుపెడతాడు. మోచేయి దెబ్బతినేది ఎక్కువగా అలాంటి త్రోలతోనే. నొప్పి తగ్గిన తరువాత మైదానంలో ఒకసారి వాడికి పక్కగా నిలబడి చూడండి. చేయి ముందుకు వచ్చే సమయంలో మోచేయి చెవి దగ్గరగా, భుజానికి పైన ఉందా, లేక రాయి విసిరినట్టు నడుము ఎత్తున తిరుగుతోందా అన్నది జావెలిన్ తెలియనివారికి కూడా కనబడుతుంది. ఫోన్‌లో నెమ్మదిగా తిప్పి చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

దూరం చేతి బలం నుంచి వస్తుందనుకోవడమే ఈ తొందరకంతటికీ మూలం. మంచి త్రోలో పరుగు వేగమే మొదటి పెట్టుబడి. చివరి అడ్డ అడుగుల్లో (కాలు మీదుగా కాలు దాటిస్తూ వేసేవి) శరీరం వెనక్కి వాలి, ఈటె చేయి పూర్తిగా వెనక చాచి ఉంటుంది. కుడిచేతి వాటం వారికి ఎడమ కాలు మడమతో నేలను తాకి, మోకాలు వంగకుండా బిగుసుకుని నిలబడిపోతుంది. కాలు ఆగగానే అక్కడి దాకా వచ్చిన వేగం తుంటికి, తుంటి నుంచి ఛాతీకి, భుజానికి, మోచేతికి, చివరికి వేళ్లకు కొరడా చివరకు పాకినట్టు పాకుతుంది. ఆ కాలు మెత్తబడి వంగిందంటే వేగం అక్కడే కరిగిపోతుంది, మిగిలిన లోటును చేయి పూడ్చబోయి గాయపడుతుంది. కాబట్టి మీ అబ్బాయి వయసులో పరుగు, హర్డిల్స్, గెంతులు, రెండు చేతులతో మెడిసిన్ బాల్ విసరడం, తేలికైన బంతులతో చేయి దారి నేర్చుకోవడం వంటివే సాధనలో సింహభాగం కావాలి. పూర్తి రన్-అప్‌తో పూర్తి బలంతో విసిరే త్రోలు వారంలో కొద్దిగా ఉంటే చాలు. క్రికెట్ ఆడే పిల్లవాడైతే బౌలింగ్, బౌండరీ దగ్గర నుంచి విసిరే త్రోలు కూడా అదే భుజం ఖాతాలోకి వెళ్తాయని కోచ్ గారికి గుర్తు చేయండి. బెంగళూరులో చాలామంది పిల్లలు ఉదయం ఒక ఆట, సాయంత్రం ఒక ఆట ఆడుతుంటారు, ఈ లెక్క మాత్రం ఎవరూ కట్టరు.

ఇక దుకాణంవారి సలహా. ఈటెల మీద 60 మీటర్లు, 70 మీటర్లు, 80 మీటర్లు అని ఉండేది అది ఎంత దూరం విసిరేవారి కోసం తయారైందో చెప్పడానికి, కొన్నవారు అంత దూరం విసురుతారని కాదు. ఎక్కువ అంకె ఉన్న ఈటె బిగువుగా ఉంటుంది. చాలా వేగంగా, ఈటె కొసకు సరిగ్గా వెనక నుంచి బలం పడేలా విసిరినవారికే అది లొంగుతుంది. మిగతావారి చేతిలో గాలిలో వణికి, వేగం పోగొట్టుకుని పడిపోతుంది, ఆ అదురంతా మోచేతికి తెలుస్తుంది. నలభై, యాభై మీటర్లు విసిరే కుర్రవాడికి తక్కువ అంకె ఉన్న 700 గ్రాముల ఈటే ఎక్కువ దూరం వెళుతుంది, ధర కూడా తక్కువ.

కోచ్ గారితో గొడవ పెట్టుకోవాల్సిన పని లేదు. వైద్యుల చీటీ చేతికి ఇచ్చి, మళ్లీ ఎప్పుడు, ఏ బరువుతో, వారానికి ఎన్ని త్రోలతో మొదలుపెట్టాలో ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. అప్పటికీ ఆయన ఒప్పుకోకపోతే కోచ్‌ను మార్చడానికి వెనకాడకండి. పిల్లవాడి మోచేయి ఒకటే.

ప్రశ్న: మైదానంలో ఎర్రజెండా ఎప్పుడు ఎత్తుతారు? ఇద్దరికీ ఒకే దూరం వస్తే ఎవరు గెలిచినట్టు?
(ఒక విద్యార్థి, విజయనగర్)

జవాబు: రన్‌వే చివర ఉన్న వంపు గీతను గానీ, దానికి అవతలి నేలను గానీ శరీరంలో ఏ భాగం తాకినా, ఈటె నేలను తాకక ముందే రన్‌వే దిగిపోయినా, ఈటె రెండు గీతల మధ్య ఉన్న సెక్టార్ బయట పడినా ఎర్రజెండా లేస్తుంది. ఈటెను పట్టు దగ్గరే ఒంటి చేత్తో పట్టుకుని, భుజం మీదుగా విసరాలి. గిరగిరా తిరిగి విసరడం నిషిద్ధం. నేలను ముందుగా తాకాల్సింది లోహపు ముక్కు, అది నేలలో గుచ్చుకుని నిలవాల్సిన అవసరం లేదు. ముక్కు మొదట తాకిన చోటి నుంచి వంపు గీత లోపలి అంచు వరకూ కొలుస్తారు, సెంటీమీటరులో భాగం వస్తే కిందికే సవరిస్తారు. ఫైనల్లో సాధారణంగా పన్నెండు మందికి తలా మూడు త్రోలు, వారిలో మొదటి ఎనిమిది మందికి మరో మూడు. సమానమైతే రెండో అత్యుత్తమ త్రో చూస్తారు, అదీ సమానమైతే మూడోది. అందుకే ఒక్క పెద్ద త్రో విసిరి మిగతావన్నీ ఫౌల్ చేసుకునే అలవాటు ప్రమాదకరం.

ప్రశ్న: మా చిన్నతనంలో జావెలిన్ వంద మీటర్లు దాటిందని పేపర్లో చదివినట్టు గుర్తు. ఇప్పుడు తొంభై దాటితేనే పండగ చేసుకుంటున్నారు. పిల్లలకు చెబితే నమ్మడం లేదు. మనుషులు బలహీనపడ్డారా?
(ఒక విశ్రాంత ఉద్యోగి, మల్లేశ్వరం)

జవాబు: మీ జ్ఞాపకం నిజమే, పిల్లలకు ధైర్యంగా చెప్పవచ్చు. 1984 జులై 20న బెర్లిన్‌లో తూర్పు జర్మనీకి చెందిన ఊవె హాన్ 104.80 మీటర్లు విసిరాడు. మైదానం అంచు దాటి ట్రాక్ మీదికో, జనం మీదికో ఈటెలు వెళ్లే పరిస్థితి వచ్చింది. పైగా పాత ఈటెలు గాలిలో తేలి తేలి బల్లపరుపుగా పడేవి, ముక్కు ముందు తాకిందా లేదా అన్నది తేల్చడం న్యాయనిర్ణేతలకు తలనొప్పిగా ఉండేది. 1986 ఏప్రిల్ 1 నుంచి పురుషుల ఈటె గరిమనాభిని నాలుగు సెంటీమీటర్లు ముందుకు జరిపారు. దాంతో గాలిలో ముక్కు ముందుగానే కిందికి వంగుతుంది, దూరం తగ్గుతుంది, గుర్తు స్పష్టంగా పడుతుంది. రికార్డులను కొత్తగా లెక్కించడం మొదలుపెట్టారు. ఆ లెక్కలో ప్రపంచ రికార్డు 1996లో జెనాలో చెక్ ఆటగాడు యాన్ జెలెజ్నీ విసిరిన 98.48 మీటర్లు.

ఈ శీర్షికకు సంబంధించిన విషయం ఒకటి ఇందులో ఉంది. తొలి ప్రపంచ జూనియర్ చాంపియన్‌షిప్ జరిగింది 1986 వేసవిలోనే, ఏథెన్స్‌లో. అంటే ప్రపంచ జూనియర్ పురుషుల జావెలిన్ చరిత్ర పాత ఈటెను చూడనే లేదు, తొలి పోటీ నుంచీ కొత్త ఈటెదే. సీనియర్ పట్టికలను పోల్చినప్పుడు వచ్చే పాత, కొత్త చిక్కు జూనియర్ పురుష విజేతల పట్టికలో లేదు. ఆ ఊవె హానే తరువాతి కాలంలో మన దేశానికి వచ్చి కొంతకాలం నీరజ్‌కు శిక్షణ ఇచ్చారు. ఈ సంగతి మీ మనవలకు చెప్పి చూడండి, ఈసారి తప్పక నమ్ముతారు.

ప్రశ్న: నేను 2008 మార్చిలో పుట్టాను. మా తమ్ముడు 2010 నవంబరులో పుట్టాడు. ఇద్దరం జావెలిన్ విసురుతాం. ప్రపంచ అండర్-20 పోటీలకు మాకు ఎన్ని అవకాశాలు ఉంటాయి?
(ఒక క్రీడాకారుడు, హెబ్బాళ)

జవాబు: ఇక్కడ పుట్టిన తేదీ కంటే పుట్టిన సంవత్సరమే ముఖ్యం. పోటీ జరిగే ఏడాది డిసెంబరు 31 నాటికి ఇరవై ఏళ్లు నిండకూడదు, పదహారు నిండి ఉండాలి. 1997 డిసెంబరు 24న పుట్టిన నీరజ్ 2016లో ఆడింది ఈ లెక్కలో చివరి ఏడాది. కోవిడ్ వల్ల నైరోబీ పోటీ 2020 నుంచి 2021కి మారడం మినహా ఈ చాంపియన్‌షిప్ రెండేళ్లకోసారి సరి సంవత్సరాల్లోనే జరుగుతోంది. 2026 పోటీకి అమెరికాలోని యూజీన్ వేదిక. మీకు 2028 డిసెంబరు నాటికి ఇరవై నిండుతాయి కాబట్టి యూజీన్ ఒక్కటే మిగిలిన అవకాశం. మీ తమ్ముడు 2026 చివరికి పదహారేళ్లవాడు అవుతాడు గనుక అర్హుడే, 2028లోనూ అర్హుడే. కానీ పదహారేళ్లకు 800 గ్రాముల ఈటెతో పంతొమ్మిదేళ్లవారి సరసన నిలబడటం కంటే, అండర్-18లో 700 గ్రాములతో ఎదగనిచ్చి 2028ని లక్ష్యంగా పెట్టుకోవడమే అతనికి మేలని నా సలహా.

జట్టును ఎంపిక చేసేది అథ్లెటిక్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. అది నిర్ణయించిన అర్హత దూరాన్ని అది గుర్తించిన పోటీలోనే సాధించాలి, స్కూల్ మైదానంలో టేపుతో కొలిచినది చెల్లదు. మీ కుటుంబం ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చినా, ఇప్పుడు మీరు ఏ రాష్ట్ర సంఘంలో నమోదయ్యారన్నదే లెక్కలోకి వస్తుంది. ఇద్దరి జనన ధ్రువపత్రాలు, ఆధార్, స్కూలు రికార్డుల్లో తేదీ ఒకేలా ఉందో లేదో ఇప్పుడే సరిచూసుకోండి. తేడా ఉంటే సరిచేయించుకోవడానికి నెలలు పడుతుంది, ఎంపిక పోటీలు మాత్రం మీ కోసం ఆగవు.